మూడో గోడ

మురారి లెక్క ఎక్కడా తప్పలేదు. ఉక్కే తప్పింది.

కనీసం అతను అలాగే అనుకున్నాడు. ఎనిమిది నెలలు కంప్యూటర్ ముందు కూర్చుని, కళ్ల కింద వలయాలు తెచ్చుకుని కట్టిన లెక్క అది. దాన్ని నమ్మి కర్మాగారం వాళ్లు తొట్టిలో గోడలు మార్చారు, ఉక్కు పోశారు, పలకలు తీశారు, ఆ పలకల్ని రేకులుగా సాగదీశారు. రేకుల మీద నల్లటి చారలు. ఇదివరకు పది రేకుల్లో ఒకదాని మీద కనబడేవి. ఇప్పుడు నాలుగింటి మీద.

"పాత గోడలే నయం బాబూ," అన్నాడు ఫోర్‌మన్ కోటయ్య, చార మీద వేలు రాస్తూ. చదువుకున్నవాణ్ణి నొప్పించకూడదని గొంతు బాగా తగ్గించి అన్నాడు. అందుకే మురారికి మరీ నొప్పి పుట్టింది.

తొట్టి అంటే ఏమిటో ఇక్కడ ఒక్క మాట చెప్పుకోవాలి. కాగిన ఉక్కును పెద్ద బానలో తెచ్చి ఒక పొడవాటి తొట్టిలో పోస్తారు. తొట్టి అడుగున ఉన్న రంధ్రంలోంచి అది అచ్చులోకి దిగి పలకవుతుంది. బానకీ అచ్చుకీ నడుమ ఉక్కు ఆ తొట్టిలో ఉండేది పది నిమిషాలు. దానిలోని మురికి, కంటికి ఆనని నలుసులు, పైకి తేలి బయటపడాలంటే ఆ పది నిమిషాల్లోనే పడాలి. అది దాటితే ఇంక ఆ నలుసు జన్మంతా రేకులోనే కాపురం. తొట్టి లోపల ఇటుక గోడలు ఎక్కడ కట్టాలి, ఎంత ఎత్తు కట్టాలి, ఆ గోడల్లో కన్నం ఏ వాలున పెట్టాలి అన్నదే మురారి ఉద్యోగం. ప్రవాహాల మీద డాక్టరేటు చేసి, సముద్రం పక్కనున్న ఆ ఉక్కు పరిశోధన కేంద్రంలో వచ్చి పడ్డాడు.

అతని తెర మీద ఉక్కు పరుగెత్తే చోట ఎరుపు, నింపాదిగా నడిచే చోట ఆకుపచ్చ, నిలిచిపోయే చోట నీలం. పాత తొట్టిలో చివరి మూలన అంత పొడుగు నీలం మచ్చ ఉండేది. ఆ విద్యలో దాన్ని డెడ్ జోన్ అంటారు. మురారికి ఆ మచ్చ చూస్తే ఒళ్లు మండేది. ఉన్న రెండు గోడల్నీ జరిపాడు. మూడో గోడ ఒకటి కొత్తగా కట్టించి, దానికి ఏటవాలు కన్నం పెట్టి, మూలన పడుకున్న ఉక్కును లేపి పరుగెత్తించాడు. లేడికి లేచిందే పరుగు కదా, అతనికి పరుగెత్తనిదేదీ నచ్చదు. నీలం పూర్తిగా పోయింది. ఆ బొమ్మను అచ్చువేయించి తన బల్ల ఎదురుగా ఉన్న గోడకి అంటించుకున్నాడు.

డైరెక్టరు గారు ఇంకొక్క అవకాశం ఇచ్చారు. వచ్చే మంగళవారం మళ్లీ పరీక్ష. ఈసారి చారలు తగ్గితే కొత్తగా పెట్టబోయే లెక్కల విభాగానికి మురారే పెద్ద. తగ్గకపోతే ఆ కుర్చీ ఇంకొకరిది, తొట్టి పాత గోడలది.

మురారి మూడు రోజులు లెక్కను అటు తిప్పి, ఇటు తిప్పి, బోర్లించి చూశాడు. ఎటు చూసినా ఒప్పే. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నవాడికైనా ఒక్కోసారి నాలుగోది కనబడుతుంది. ఇతనికి అదీ కనబడలేదు. నాలుగో రోజు పొద్దున, ఎవరూ చూడకుండా, కింద నేలమాళిగకు మెట్లు దిగాడు.

ఎవరూ చూడకుండా ఎందుకంటే, ఆ నేలమాళిగ మీదే అతను మూడు వారాల కిందట ఒక నోట్ రాశాడు. కంప్యూటర్లు వచ్చాక అక్కడి నీళ్ల ప్రయోగశాల ఇంకా అవసరమా అని డైరెక్టరు గారు అడిగితే, రెండు పేజీల్లో అవసరం లేదని తేల్చాడు. చివర్న ఒక వాక్యం రాసి, తనలో తనే నవ్వుకున్నాడు: "ఈ విభాగం మన సంస్థలో ఒక డెడ్ జోన్." క్యాంటీన్లో చెబితే అందరూ నవ్వారు. ఆ నవ్వు రెండు రోజులు తియ్యగానే ఉంది.

ఆ డెడ్ జోన్‌లో ఉండేది డాక్టర్ హైమవతి గారు. లోహశాస్త్రం చదివి, ముప్ఫై ఒక్క సంవత్సరాల కిందట ఆ మెట్లు దిగిన మనిషి. ఆవిడతో చేరినవాళ్లు పై అంతస్తులకు ఎక్కారు. ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్లు కూడా ఎక్కారు. ఆవిడ మాత్రం నూలు చీర కొంగు దోపుకుని ఆ నీళ్ల దగ్గరే ఉండిపోయారు. మురారికి మొదటిసారి ప్రవాహం అన్నదాన్ని కళ్లకు చూపించిందీ ఆవిడే. గుడ్డొచ్చి పిల్లను వెక్కిరించడమంటే అదే మరి.

ఆ గదికొక ఆచారం ఉంది. కేంద్రంలో కొత్తగా చేరిన ఇంజనీరు ఎవరైనా ముందు అక్కడికి రావాలి. గుమ్మం పక్కన ఒక స్టీలు గ్లాసు ఉంటుంది. జేబులో కలం తీసి అందులో వేయాలి. తర్వాత నీళ్ల తొట్టి ముందున్న ముక్కాలి పీట మీద మూడు రోజులు కూర్చోవాలి. హైమవతి గారు రెండే మాటలు చెప్తారు: "చూడు. రాసుకోకు."

మురారి ఒక పూట కూర్చున్నాడు. మధ్యాహ్నం భోజనమయ్యాక లేచి, "అర్థమైంది మేడమ్," అన్నాడు. అతని ఎడమ అరచేతి నిండా బాల్‌పెన్నుతో రాసుకున్న అంకెలు. చొక్కా చేతి మడతలో ఇంకో కలం దాచుకున్నాడన్నమాట. ఆవిడ అరచెయ్యి వంక చూసి, "సరే. సబ్బు ఆ గట్టు మీద ఉంది," అన్నారు. ఆ మాట ఏడేళ్లుగా అప్పుడప్పుడూ అతనికి గుర్తొస్తూనే ఉంటుంది.

మెట్లు దిగుతుంటేనే నీళ్ల చప్పుడు వినిపించింది. నేలకు సమానంగా ఉన్న చిన్న కిటికీల్లోంచి ఎండ ఏటవాలుగా పడి, అద్దంలాంటి తొట్టిలోకి దూరి, అక్కణ్ణుంచి పైకప్పుకు ఎగబాకి కదులుతోంది. కప్పంతా వెలుతురు అలలు. కిటికీ బయట నడిచేవాళ్ల పాదాలు మాత్రమే కనబడుతున్నాయి. గోడకి గడియారం ఉంది గానీ అక్కడికి వచ్చినవాళ్లకి దాన్ని చూడబుద్ధి కాదు. మురారికి ఒక్క క్షణం తాను ఎందుకొచ్చాడో మరుపొచ్చింది.

కర్మాగారంలోని తొట్టికి మూడో వంతు కొలతతో చేసిన తొట్టి అది. అందులో పారేవి మామూలు కుళాయి నీళ్లు. ఈ విద్యలోని వింత అంతా అందులోనే ఉంది. కాగిన ఉక్కు నీళ్లకి ఏడింతల బరువు, వేడి పదిహేను వందల డిగ్రీల పైమాట. అయినా ఉక్కుదీ నీళ్లదీ ఒకటే నడక. గోడను చుట్టివచ్చేటప్పుడు, సుడి తిరిగేటప్పుడు, కన్నంలోంచి జారేటప్పుడు రెండూ అక్కచెల్లెళ్లలా నడుస్తాయి. లోపలికి ఎవరూ తొంగిచూడలేని నిప్పును చూడాలంటే ఈ నీళ్లలో చూసుకోవాలి.

హైమవతి గారు తొట్టి పక్కన నిలబడి, చిన్న తురుముపీట మీద కొవ్వొత్తి తురుముతున్నారు. తల ఎత్తకుండానే అన్నారు.

"రా మురారీ. నీ గోడలు కోసి ఉంచాను."

అద్దపు పలకలోంచి కోసిన మూడు గోడలు బల్ల మీద వరసగా ఉన్నాయి. కన్నాలతో సహా అతని కొలతలే, వెంట్రుకవాసి తేడా లేదు.

"మీకెవరు చెప్పారు మేడమ్, నేనొస్తానని?"

"కోటయ్య రేకు ముక్క తెచ్చి చూపించాడు. వారంలో వస్తావనుకున్నాను." ఆవిడ తురుము నుంచి కళ్లెత్తారు. "సన్నబడ్డావు. తింటున్నావా?"

మురారి సంచిలోంచి కాగితాలు తీశాడు. లెక్క మొదటి నుంచీ చెప్పబోయాడు. ఆవిడ విననూలేదు, వద్దననూలేదు. మూడు గోడలూ తొట్టిలో నిలబెట్టి, కుళాయి తిప్పి, నీళ్లు ఒక మట్టానికి వచ్చేదాకా ఆగారు. తర్వాత పిచికారీతో పర్మాంగనేటు నీళ్లు ఒక ధార వదిలారు.

ఊదారంగు మొదటి గోడను ఎక్కి దిగింది. రెండో గోడ కన్నంలోంచి వేళ్లు చాచింది. మూడో గోడ కన్నంలోంచి ఏటవాలుగా దూసుకెళ్లి, మూలను కొట్టి, తిరిగివచ్చింది. ఎక్కడా ఆగలేదు. తొట్టంతా నిమిషంలో ఊదా.

"చూశారా మేడమ్!" మురారి ముఖం వెలిగిపోయింది. "అచ్చం నా తెర మీద ఉన్నట్టే. ఎక్కడైనా నిలిచిందా?"

"నిలవలేదు. నువ్వు చెప్పినట్టే ఉంది."

ఆ మాటకి అతనికి కళ్లలో నీళ్లు తిరిగినంత పనయింది. ఈ వారం రోజుల్లో అతణ్ణి ఒప్పన్నవాళ్లు ఆవిడొక్కరే. మరి ఉక్కుకేం పుట్టింది?

రంగు కడిగేసి, నీళ్లు తేటపడ్డాక, హైమవతి గారు కొవ్వొత్తి తురుము ఒక చిటికెడు తీసి నీళ్లు పడేచోట వేశారు.

మైనం నీళ్లకన్నా కాస్తే తేలిక. వదిలేస్తే పైకి తేలుతుంది గానీ తొందరపడదు. ఉక్కులో మురికి కూడా అంతే. తెల్లటి పొడి నీళ్లతో పాటు మొదటి గోడ దూకింది. రెండో కన్నంలో దూరింది. కొన్ని నలుసులు పైకి వెళ్దామని మొదలుపెట్టాయి, కానీ మూడో గోడ ధార వాటిని చెయ్యిపట్టి లాక్కుపోయింది. మూలను కొట్టి, తిరిగి, గిర్రున రంధ్రం వైపుకి. ఒకటి వెంట ఒకటి, దాదాపు అన్నీ, అడుగున ఉన్న రంధ్రంలోంచి దిగిపోయాయి.

మురారి వంగి ఆ రంధ్రం వైపే చూశాడు.

ఆవిడ కొంగు ఇంకాస్త బిగించి, చెయ్యి నీళ్లలో పెట్టి, మూడో గోడను పైకి లాగి బల్ల మీద పెట్టారు. మిగతా రెండింటినీ ముట్టుకోలేదు. నీళ్లు సర్దుకునేదాకా ఇద్దరూ ఆగారు. బయట సముద్రం మీంచి గాలొచ్చినట్టుంది, కప్పు మీద వెలుతురు నెమ్మదించింది.

మళ్లీ చిటికెడు తురుము.

ఈసారి నలుసులు రెండో గోడ దాటి ఆ మూలకి చేరాయి. అక్కడ నీళ్లు ఎటూ పోవడం లేదు. నలుసులు కూడా ఆగాయి. కాసేపు ఏం చెయ్యాలో తోచనట్టు అక్కడే తచ్చాడాయి. తర్వాత ఒకటి పైకి లేచింది. దాని వెనక ఇంకొకటి. ఎవరూ లేపకుండానే, ఎవరూ తోయకుండానే, తెల్లటి నలుసులు వందల కొద్దీ నిద్రలో నడిచేవాళ్లలా పైకి వెళ్లి, నీటి మీద తెరలా పరుచుకున్నాయి. అడుగున రంధ్రంలోంచి తేట నీళ్లు దిగుతున్నాయి.

మురారి ఎంతసేపు చూశాడో అతనికే తెలీదు. నీళ్లో ఉక్కో తేడా తెలియకుండా పోయింది. తను కూడా ఆ మూలనే ఎక్కడో ఉన్నట్టు, పైనెవరో మెల్లగా తలుపు తీసినట్టు అనిపించింది. చిన్నప్పుడు జ్వరంలో పడుకుని పైకప్పు వంక చూసిన మధ్యాహ్నాలు గుర్తొచ్చాయి.

"నాకు కలలొస్తుంటాయి," అన్నారు హైమవతి గారు, నీళ్ల వంకే చూస్తూ. "తొట్టిలో ఉక్కు లోపల నడుస్తుంటాను. చల్లగా ఉంటుంది."

మురారి తొట్టి చివరికి వేలు చూపించాడు.

"ఆ మూల నీళ్లు కదలడం లేదు మేడమ్."

"మరేం చేస్తున్నాయి?"

ఎనిమిది నెలల లెక్క మురారి కళ్ల ముందు తిరిగింది. ఉక్కు బరువు వేశాడు, వేడి వేశాడు, వేగం వేశాడు. నలుసును వెయ్యలేదు. ఒక్క మచ్చ లేని ఉక్కును, అసలు తొట్టే అవసరం లేని ఉక్కును పట్టుకుని ఇన్నాళ్లూ పరుగెత్తించాడు.

"నా లెక్కలో మురికి లేదు మేడమ్."

"నీ వయసులో నా లెక్కలోనూ లేదు."

ఆవిడ చేతులు తుడుచుకుని, బల్ల సొరుగు లాగి, ఒక కవరు తీసి అతనికిచ్చారు. "పైకి వెళ్తున్నావుగా. ఇది డైరెక్టరు గారికి ఇచ్చెయ్. నా అభిప్రాయం రాయమని పంపారు. ఆలస్యమైపోయింది."

కవరు అంటించలేదు. లోపల ఉన్నదేమిటో పట్టుకోగానే మురారికి తెలిసింది. తన నోటే. రెండు పేజీలు. ఆవిడ దగ్గరికి పంపుతారని అతను కలలో కూడా అనుకోలేదు.

అక్కడే నిలబడి తిప్పాడు. మొదటి పేజీలో ఒక చోట పెన్సిలు గీత ఉంది. గత ఐదేళ్లలో ఈ విభాగం చేసిన పరీక్షలు నలభై ఒకటి అని అతను రాశాడు. ఆవిడ దాన్ని కొట్టేసి ముప్ఫై ఎనిమిది అని దిద్దారు. పక్కన చిన్న అక్షరాలు: "మూడు, మళ్లీ చేసినవి. లెక్కకు రావు."

ఆ మూడూ ఉంటే ఆవిడకే మేలు. తీసేస్తే అతని వాదనకే బలం.

రెండో పేజీ తిప్పడానికి కాస్త ధైర్యం కావాల్సివచ్చింది. చివరి వాక్యం అలాగే ఉంది. కింద గీత లేదు, పక్కన ప్రశ్న లేదు. అభిప్రాయం అన్న చోట ఆవిడ సంతకం, తేదీ. అంతే.

"మేడమ్... మీరు ఏమీ రాయలేదు."

"రాశానుగా," అన్నారావిడ, తురుముపీట కడుగుతూ. "మూడు ఎక్కువేశావు."

మురారికి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. క్షమించమని అడగాలనుంది. కవరు పట్టుకుని మెట్లెక్కాడు.

డైరెక్టరు గారు ఏదో ఫైలు చూస్తున్నారు. "ఆ, మురారీ. మంగళవారానికి సిద్ధమేనా?"

"కాదు సార్. మూడో గోడ తీసెయ్యాలి. ఆ మూల ఎంత జాగా వదలాలో, గోడ ఎంత ఎత్తుండాలో నాకింకా తెలీదు. మూడు రోజులు కావాలి."

"మూడు రోజులు ఏం చేస్తావు?"

"చూస్తాను సార్."

"ఏం చూస్తావు?"

"నీళ్లు."

డైరెక్టరు గారు ఫైలు మూశారు. "మంగళవారం దాటితే ఆ లెక్కల విభాగం సంగతి నా చేతిలో ఉండదు. నీకు తెలుసుగా?"

తెలుసు. తెలిసే అంటున్నాడు. ఏడేళ్ల నుంచి ఆ కుర్చీ కోసమే పరుగెత్తాడు, నిన్న రాత్రి కూడా దానికోసమే దేవుడికి మొక్కుకున్నాడు. "తెలుసు సార్," అని కవరు బల్ల మీద పెట్టాడు.

"మరి ఈ నోట్?"

"మళ్లీ రాసిస్తాను. అంకెలు మేడమ్ దిద్దారు, అవి అలాగే ఉంటాయి. ఆఖరి వాక్యం ఒక్కటే నా సొంతం. అది తీసేస్తాను. దాని మీద కట్టిన వాదన కూడా పోతుంది."

డైరెక్టరు గారు కవరు అతని వైపే తోసి, కిటికీలోంచి సముద్రం వంక చూశారు. తర్వాత, ఎవరితోనో చెప్తున్నట్టు అన్నారు.

"నేను రెండో రోజు మధ్యాహ్నం ఆ పీట మీంచి లేచొచ్చేశాను."

మురారి మళ్లీ మెట్లు దిగేసరికి ఎండ రెండో కిటికీలోకి మారింది. గుమ్మం దగ్గర ఆగి, జేబులో కలం తీసి స్టీలు గ్లాసులో వేశాడు. అది అడుగున తగిలి టింగుమంది. హైమవతి గారు ఇటు తిరిగారు. మురారి రెండు అరచేతులూ చాచి ఆవిడకి చూపించాడు, గోళ్లు తీసుకున్నావా అంటే చూపించే బడిపిల్లాడిలా. ఆవిడ రెంటినీ పరీక్షగా చూసి, కన్నార్పకుండా, "చొక్కా చేతులు?" అన్నారు.

మడతలు విప్పి దులిపాడు. అప్పుడు నవ్వారావిడ.

ముక్కాలి పీట తొట్టి ముందే ఉంది, ఎవరో ఇప్పుడే లేచి వెళ్లినట్టు. దాని చెక్క నడుమ అరిగి గుంటపడి ఉంది. ఏడేళ్ల కిందట అతను అది గమనించలేదు. కూర్చున్నాడు. ఆవిడ చిటికెడు తురుము నీళ్లలో వేసి పక్కన నిలబడ్డారు. తెల్లటి నలుసులు గోడ దాటి మూలకి చేరి, ఆగి, ఒక్కొక్కటే లేవడం మొదలుపెట్టాయి.

"మేడమ్," అన్నాడు చాలాసేపటికి, నీళ్ల మీంచి చూపు తిప్పకుండా. "మీరు చేరినప్పుడు ఎన్ని రోజులు కూర్చున్నారు?"

"నేనింకా లేవలేదు," అన్నారు హైమవతి గారు.